ఆదివారం ఒక్క గంటకు అప్పజెప్పిన పిల్లలు

భీమునిపట్నం నుంచి నర్సీపట్నం వెళ్ళే బీఎన్ రోడ్డు వెంబడి ఉన్న మండలం రావికమతం. రోడ్డు వార చెరకు, వరి. లోపలికి వెళ్తే కల్యాణపులోవ రిజర్వాయరు. ఇంకా పైకి, చీమలపాడు వైపు, కొండల్లో గిరిజన గూడేలు. 2022 ఏప్రిల్ దాకా విశాఖపట్నం జిల్లా, ఇప్పుడు అనకాపల్లి జిల్లా. ఇలాంటి చోట ఒక లూథరన్ సంఘం తన పిల్లలకు, యువతకు ఏం చేస్తోంది, ఏం చెయ్యాలి అని మాట్లాడబోయే ముందు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఇది లూథరన్ల పాత పొలం కాదు.

మిషనరీల కాలంలో తెలుగు నేలను మిషన్లు తమలో తాము పంచుకున్నాయి. గుంటూరు, పల్నాడు, గోదావరి జిల్లాల్లో పెద్ద భాగం అమెరికా లూథరన్ల వాటాకు వచ్చింది. ఉత్తరాన జర్మనీలోని బ్రెక్లుం మిషన్ వాళ్ళు 1882లో వచ్చి సాలూరు, పార్వతీపురం, కొరాపుట్ కొండల్లో పని మొదలెట్టారు. అందులోంచే 1928లో జయపురం ఇవాంజెలికల్ లూథరన్ సంఘం ఏర్పడింది. నడుమ ఉన్న విశాఖ మైదానానికి 1805లోనే లండన్ మిషన్ వచ్చింది. 1870ల తర్వాత ఈ తీరమంతా ప్రధానంగా కెనడా బాప్టిస్టుల చేతికి వెళ్ళింది. కాబట్టి రావికమతం ప్రాంతంలో లూథరన్ పేరు పెట్టుకున్న సంఘానికి గుంటూరులోలా నూరేళ్ళ గుడి, కాంపౌండు, హైస్కూలు, హాస్టలు వెనక ఉండవు. చుట్టూ బాప్టిస్టులు, పెంతెకొస్తు వాళ్ళు, ఏ మిషన్‌కూ చెందని స్వతంత్ర సంఘాలు ఉంటాయి. లూథరన్ అన్న మాట ఇక్కడి పిల్లవాడికి ఇంటిపేరులా పుట్టుకతో రాదు. ఎవరో నేర్పాలి.

ఆ నేర్పే పనిని మనం ఇప్పుడు ఎవరికి అప్పజెప్పాం? ఆదివారం ఉదయం ఒక గంట సండే స్కూలుకు, మే నెలలో కొద్ది రోజుల వెకేషన్ బైబిల్ స్కూలుకు, అంటే వీబీఎస్‌కు. లూథరన్ సంప్రదాయంలో పిల్లల పెంపకం ఏనాడూ ఇంత చిన్న భుజాల మీద లేదు. ఇల్లు, బడి, గుడి మూడూ కలిసి మోసిన బరువది. తెలుగునాట బడి చేజారింది. ఇల్లు మొదటినుంచీ సరిగ్గా అందుకోలేదు. మిగిలిన గుడి, ఒక్క గంటలో అంతా చేసేస్తున్నట్టు నటిస్తోంది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇదే. మిగతాదంతా దీనికి సాక్ష్యం.

మూలానికి వెళ్దాం. 1524లో మార్టిన్ లూథర్ జర్మనీ పట్టణాల పెద్దలకు ఒక బహిరంగ లేఖ రాశాడు: పిల్లలకు బళ్ళు పెట్టండని. ఆడపిల్లలకూ పెట్టమన్నాడు. 1528లో సాక్సనీ పల్లెల్లో సంఘాలను తనిఖీ చెయ్యబోతే తల తిరిగింది. జనానికి పరలోక ప్రార్థన రాదు, పది ఆజ్ఞలు రావు. కొందరు పాస్టర్లకు కూడా రావు. ఆ దిగులులోంచి 1529లో చిన్న క్యాటకిజం పుట్టింది. అది పాస్టర్ల కోసమే రాసింది అనుకుంటారు చాలామంది. కాదు, అందులో దాదాపు ప్రతి భాగం పైనా ఇంటి యజమాని తన ఇంటివారికి దీన్ని ఎలా నేర్పాలో చెబుతున్నానని లూథర్ రాసుకున్నాడు. మొదట అచ్చయింది కూడా పుస్తకంగా కాదు, గోడకు అంటించుకునే కాగితాలుగా. పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, పరలోక ప్రార్థన, బాప్తిస్మం, పాపపు ఒప్పుకోలు, ప్రభు రాత్రి భోజనం. వాటితో పాటు పొద్దుటి ప్రార్థన, రాత్రి ప్రార్థన, భోజనం ముందు కృతజ్ఞత. అంటే పిల్లవాడు లేచినప్పటి నుంచి పడుకునే దాకా ఇంట్లో పలికే మాటలన్నమాట.

స్వీడన్ దీన్ని చట్టంగానే చేసింది. 1686 నాటి అక్కడి సంఘ శాసనం ప్రకారం పిల్లలకూ, పనివాళ్ళకూ చదవడం నేర్పే బాధ్యత ఇంటి పెద్దదే. పాస్టరు ఇళ్ళకు వచ్చి ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి చదివించి, క్యాటకిజం ప్రశ్నలు అడిగి, ఎవరికెంత వచ్చో పుస్తకంలో రాసుకునేవాడు. ఊరూరా బళ్ళు రాకముందే స్వీడన్ జనం చదవడం నేర్చింది ఇలాగేనని చరిత్రకారులు అంటారు. బెత్తం పట్టిన ఆ పద్ధతి మనకు అక్కర్లేదు గానీ, పాస్టరు పిల్లల కోసం ఇంటికి వెళ్ళడమన్న ఆలోచన మాత్రం మనం పోగొట్టుకున్న ఆస్తి. ఇప్పుడు పాస్టరు గారు ఇంటికి వచ్చేది కొత్త ఇంటి ప్రతిష్ఠకో, జ్వరానికో, కానుకకో.

తెలుగువాళ్ళకు ఈ క్యాటకిజంతో ఉన్న బంధం చాలామంది అనుకునేదాని కంటే పాతది. మద్రాసులో పనిచేసి తెలుగు నేర్చుకున్న జర్మన్ లూథరన్ బెంజమిన్ షుల్జ్ 1743లో స్వదేశం వెళ్ళిపోయాడు. అక్కడ హాలె పట్టణంలో 1746లో చిన్న క్యాటకిజాన్ని తెలుగులో అచ్చు వేయించాడు. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాల్లో అదొకటి. మన భాష అచ్చుకెక్కిన తొలినాళ్ళలోనే పిల్లలకు, కొత్త విశ్వాసులకు పాఠం చెప్పే పుస్తకం ఉందన్న సంగతి మన సండే స్కూలు టీచర్లలో ఎంతమందికి తెలుసు? షుల్జ్ తెలుగు ఎలా ఉందని పండితులు పెదవి విరవవచ్చు. విరవనివ్వండి.

ఆ తర్వాత వంద సంవత్సరాలకు బడి వచ్చింది. 1842 జులై 31న గుంటూరులో దిగిన అమెరికా లూథరన్ మిషనరీ హయ్యర్ అయ్యగారు మొదట చేసిన పనుల్లో బళ్ళు పెట్టడం ఒకటి, ఆడపిల్లల బడితో సహా. అమెరికాలో ఉన్నప్పుడే సండే స్కూళ్ళ కోసం ఊళ్ళు తిరిగిన మనిషి ఆయన. 1844లో రాజమండ్రిలో ఉత్తర జర్మనీ మిషన్ వాళ్ళు పని మొదలెట్టారు. 1850ల నుంచి అదీ అమెరికా లూథరన్ల కిందికి వచ్చింది. పల్లెల్లో మాల, మాదిగ వాడల్లో పూరిపాక వేసి, అందులో వారమంతా బడి, ఆదివారం ఆరాధన జరిపేవారు. పాఠం చెప్పే ఉపదేశే ఆదివారం వాక్యం చెప్పేవాడు. పగలు పశువుల వెంట పోయే పిల్లలకు రాత్రి బడి. అక్షరం రాని పెద్దలకు క్యాటకిజం నోటితోనే వల్లె వేయించి బాప్తిస్మానికి సిద్ధం చేసేవారు. ఈ సంగతి ఇప్పటికీ పనికొస్తుంది, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

ఆ బళ్ళలోంచి ఎవరెవరు వచ్చారో చెప్పుకుంటూ పోతే వేరే వ్యాసమవుతుంది. గుర్రం జాషువా గుంటూరులో లూథరన్ మిషన్ ఉపాధ్యాయ శిక్షణాలయంలో పదేళ్ళ పాటు పాఠాలు చెప్పాడు. 1885లో మొదలైన గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో ఎన్టీ రామారావు చదివాడు. బడి వల్ల క్రైస్తవులు ఎంతమంది అయ్యారన్న లెక్క నాకు ముఖ్యం కాదు. వాడలో పుట్టిన పిల్లవాడి చేతికి పలక వచ్చింది. వారంలో ఆరు రోజులు ఆ పిల్లవాడు సంఘం కళ్ళ ముందే తిరిగాడు. అది ముఖ్యం.

1854 తర్వాత ప్రభుత్వ గ్రాంటు రావడంతో మిషన్ బళ్ళు పెరిగాయి. అదే గ్రాంటు చివరికి వాటిని కట్టిపడేసింది కూడా. 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం ఏర్పడి, మెల్లగా మిషనరీల చేతిలోని పగ్గాలు మనవాళ్ళ చేతికి వచ్చాయి. బయటి డబ్బు తగ్గింది. నాయకత్వం మీద, ఆస్తుల మీద తగువులు కోర్టులకెక్కాయి, ఏళ్ళ తరబడి నడిచాయి. ఈలోగా తల్లిదండ్రులు ఇంగ్లీషు మీడియం కాన్వెంట్ల వైపు తిరిగారు. 2021లో ఎయిడెడ్ బళ్ళను, వాటి సిబ్బందిని ప్రభుత్వానికి అప్పగించమన్న విధానం వచ్చినప్పుడు రాష్ట్రమంతా గొడవ జరిగింది. తర్వాత ప్రభుత్వం కొంత వెనక్కి తగ్గి, ఇష్టమున్నవాళ్ళే అప్పగించవచ్చంది. అప్పటికే చాలా బళ్ళలో పిల్లలకంటే గోడల మీద పగుళ్ళే ఎక్కువ. రావికమతం లాంటి చోట ఈ కథ ఇంకా చిన్నది. పోవడానికి అసలు బడే లేదు.

ఇక మిగిలింది సండే స్కూలు. దాని పుట్టుకలోనే ఒక విచిత్రం ఉంది. 1780లో ఇంగ్లండులోని గ్లాస్టర్‌లో రాబర్ట్ రైక్స్ దాన్ని నడిపింది ఆరు రోజులూ పనిచేసే పేదపిల్లల కోసం. వాళ్ళకు సెలవు ఆదివారమే కాబట్టి ఆ రోజు చదవడం, రాయడం నేర్పాడు. అంటే సండే స్కూలు బడికి బదులుగా పుట్టింది, ఆదివారం ఆరాధనకు తోకగా కాదు. 1876లో ఇండియా సండే స్కూల్ యూనియన్ ఏర్పడ్డాక మన దేశంలో పాఠాల పుస్తకాలు, పరీక్షలు, టీచర్లకు శిక్షణ ఒక క్రమంలోకి వచ్చాయి. బిగినర్స్, ప్రైమరీ, జూనియర్, ఇంటర్మీడియట్, సీనియర్ అన్న తరగతులు పట్టణ సంఘాల్లో ఇప్పటికీ కనిపిస్తాయి.

పల్లెలో? గుడి అరుగు మీద ఒక చాప. నాలుగేళ్ళ పాప దగ్గర్నుంచి తొమ్మిదో తరగతి కుర్రాడి దాకా అందరూ దాని మీదే. ఒక యాక్షన్ సాంగు, ఒక కథ, ఒక బంగారు వాక్యం, చివర బిస్కెట్టు. కథ ఎప్పుడూ నోవహు, దావీదు, దానియేలు, యోనా చుట్టూ తిరుగుతుంది. పదమూడేళ్ళ పిల్లవాడు ఈ నాలుగు కథలూ ఏడోసారి విని ఎనిమిదోసారికి రాడు. రాకపోతే లోకంలో పడ్డాడంటాం.

ఇంకో పెద్ద సంగతి ఎవరూ పైకి చెప్పరు. ఆ చాప ముందు కూర్చునే టీచరమ్మ చాలాచోట్ల ఇంటర్ గానీ డిగ్రీ గానీ చదివే అమ్మాయి. ఆమెకు ఏ శిక్షణా లేదు, ఇచ్చినా ఏడాదికొక రోజు. ఆమె నాలుగేళ్ళు కష్టపడి, పిల్లల పేర్లు, వాళ్ళ ఇళ్ళ సంగతులు అన్నీ తెలుసుకునేసరికి పెళ్ళయి వేరే ఊరు వెళ్ళిపోతుంది. మళ్ళీ కొత్త అమ్మాయి, మళ్ళీ నోవహు. సంఘం ఎప్పుడూ మొదటి పాఠం దగ్గరే ఉండిపోతుంది. పెళ్ళయి ఊళ్ళోకి వచ్చిన కోడళ్ళలో పుట్టింటి సంఘంలో ఐదారేళ్ళు పిల్లలకు చెప్పిన అనుభవం ఉన్నవాళ్ళు ఉంటారు. వాళ్ళను ఎవరూ అడగరు. కొత్త కోడలు ఆదివారం పిల్లల మధ్య కూర్చుంటే వంట ఎవరు చేస్తారన్నది ఇంటి ప్రశ్న. స్త్రీల సమాజం తలచుకుంటే ఈ ఒక్క చిక్కు ఒక్క నెలలో తీరుతుంది.

వీబీఎస్ గురించి కొంచెం కటువుగానే చెబుతాను. ఇరవయ్యో శతాబ్దపు ఆరంభంలో న్యూయార్కులో, వేసవి సెలవుల్లో వీధిన పడ్డ పిల్లల కోసం వచ్చిన ఆలోచన అది. మనకు మే నెలలో వస్తుంది. రంగుల పుస్తకం, ఆ ఏటి థీమ్ సాంగు, టోపీ, చివరి రోజు ఊరేగింపు, సర్టిఫికెట్టు. పిల్లలు సంతోషంగా వస్తారు, క్రైస్తవేతరుల పిల్లలూ వస్తారు. అంతవరకూ మంచిదే. కానీ ఈ ప్రాంతంలో ఆ రోజుల్లోనే కొండవారల్లో జీడిపిక్కలు ఏరే పని, మామిడి పని. గూడెం పిల్లలు అమ్మానాన్నల వెంట పోతారు. రోడ్డు పక్క ఊరి పిల్లలకు పెట్టిన వీబీఎస్‌ను లెక్కలో ప్రాంతమంతటికీ పెట్టినట్టు రాస్తారు. పైగా సర్టిఫికెట్లు ఎన్ని పంచామన్నది నివేదికలో ఉంటుంది. జూన్‌లో బడి తెరిచాక వాళ్ళలో ఎవరి ఇంటికి వెళ్ళాం అన్నది ఉండదు. ఆ రోజుల ఖర్చులో సగంతో గూడెంలో నెలకోసారి సాయంత్రం పూట పిల్లల్ని కలిస్తే అది పరిచర్య అవుతుందని నా అభిప్రాయం.

కన్ఫర్మేషన్ దగ్గరికి వద్దాం. లూథరన్ సంఘంలో యువత పరిచర్య అంతా నిజానికి దీని చుట్టూ తిరగాలి. శిశువుగా బాప్తిస్మం పొందినవాడు పదమూడు, పద్నాలుగేళ్ళకు క్యాటకిజం నేర్చుకుని, నా నోటితో నేనే ఒప్పుకుంటున్నానని సంఘం ముందు నిలబడతాడు. మన దగ్గర ఆ తర్వాతే ప్రభువు బల్ల దగ్గరికి వస్తాడు. మంచి ఏర్పాటు. మరి ఏం జరుగుతోంది? పండగకు నెల ముందు హడావుడిగా క్లాసులు, జవాబులు బట్టీ, తెల్ల బట్టలు, ఫోటో. ఆ ఫోటోయే చాలామందికి సంఘంతో చివరి ఫోటో.

ఫిన్లాండు లూథరన్లు దీన్ని వేరే తోవలో నడిపారు. అక్కడ పదిహేనేళ్ళ పిల్లల్లో దాదాపు నాలుగింట మూడు వంతుల మంది కన్ఫర్మేషన్ బడికి వెళ్తారు. వేసవిలో వారం రోజుల పాటు చెరువు ఒడ్డున క్యాంపు. అంతకంటే ముఖ్యం, కన్ఫర్మేషన్ అయిన పిల్లల్లో కొందరికి శిక్షణ ఇచ్చి మరుసటేడు కొత్త పిల్లలకు సహాయకులుగా పెడతారు. పదహారేళ్ళవాడు పదిహేనేళ్ళవాడికి అన్న అవుతాడు. అయితే అదంతా చూసి మురిసిపోనక్కర్లేదు: ఆ దేశంలోనూ ఆదివారం గుళ్ళు ఖాళీ, సభ్యత్వం ఏటేటా తగ్గుతూనే ఉంది. క్యాంపు ఒక్కటే మనిషిని సంఘంలో నిలబెట్టదు. కానీ నేర్చుకున్నవాడికి వెంటనే నేర్పే పని అప్పజెప్పడమన్న ఒక్క పద్ధతిని మనం ఉన్నదున్నట్టు తెచ్చుకోవచ్చు. చెరువు ఒడ్డు కూడా కావాలంటే, కల్యాణపులోవ ఎలాగూ ఉంది.

ఇక యువత. డిసెంబరులో చూడండి, సంఘమంతా వాళ్ళదే. స్టారు కట్టేది వాళ్ళు, క్యారల్స్‌కు తిరిగేది వాళ్ళు, సెమీ క్రిస్మస్‌కు సీరియల్ సెట్లు వేలాడదీసేది వాళ్ళు, స్కిట్‌లో హేరోదు గడ్డం పెట్టుకునేది వాళ్ళు. అదే నెలలో ఈ ప్రాంతంలో చెరకు నరుకుడు, గానుగాట మొదలవుతాయి. పగలు బెల్లం పని చేసి రాత్రి క్యారల్స్ పాడే కుర్రాళ్ళు ఉంటారు. జనవరి రెండో వారానికి వాళ్ళు కనిపించరు. శ్రమల దినాల్లో సిలువ మీది ఏడు మాటల గురించి చెప్పడానికి పెద్దలు వరస కడతారు, ఒక్క మాటయినా ఒక యువకుడికి ఇవ్వరు. కుర్చీలు సర్దడం, మైకు పట్టుకోవడం, కీబోర్డు వాయించడం వాళ్ళ వంతు. కమిటీలో కూర్చోవడం కాదు. యూత్ కోసం ఖర్చు పెట్టామని కమిటీ చెప్పేది చాలాసార్లు డ్రమ్ సెట్టు గురించే.

పైగా ఊళ్ళో యువత ఉంటే కదా. టెన్త్, ఇంటర్ తర్వాత మగపిల్లలు విశాఖకో, పరవాడ ఫార్మా సిటీకో. ఆడపిల్లలు చాలామంది అచ్యుతాపురం సెజ్‌లో బట్టల కంపెనీకి. షిఫ్టు బస్సు తెల్లారకుండా వస్తుంది. వారానికి దొరికే ఒక్క సెలవు రోజున నిద్రపోనివ్వాలా, ఉదయం తొమ్మిదికి యూత్ మీటింగు అని పిలవాలా? వాళ్ళ సమయానికి సంఘం తన గడియారం మార్చుకున్న చోట్లు చాలా తక్కువ. అద్దె గదుల్లో నలుగురైదుగురు కలిసి ఉండే ఆ పిల్లల దగ్గరికి నెలకోసారి పాస్టరు గారే బస్సెక్కి వెళ్ళవచ్చు. కాలేజీ పిల్లల కోసం 1954లో మొదలైన యూఈఎస్ఐ వంటి సంస్థలు హాస్టళ్ళ దగ్గరికే వెళ్ళి బైబిలు అధ్యయనాలు పెట్టబట్టే తెలుగు రాష్ట్రాల్లో ఎన్నో సంఘాలకు చదువుకున్న పెద్దలు దొరికారు. ఫ్యాక్టరీ పిల్లలకు అలాంటి ఏర్పాటు ఎవరు చేశారు?

సెల్‌ఫోన్ ఆ ఖాళీని నింపుతోంది. హైదరాబాదు, గుంటూరుల పెద్ద పెద్ద మందిరాల పాటలు, ప్రసంగాలు జేబులోకే వస్తాయి. వాటి ముందు మన ఆరాధన క్రమం చప్పగా అనిపిస్తుంది. దీనికి మన సంఘాలు ఇచ్చే మందు, మనమూ వాళ్ళలాగే శబ్దం పెంచడం. అందులో మనం ఎప్పటికీ వాళ్ళ వెనకే ఉంటాం. పురుషోత్తమ చౌదరి వంటివారు పందొమ్మిదో శతాబ్దంలో కర్ణాటక రాగాల్లో కట్టిన కీర్తనలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ఉన్నాయి. చదువు రానివాళ్ళు సైతం వాటిని కంఠస్థం చేసి తరాల పాటు పాడారు. ఆ రాగాలను ఒక యువకుడికి సరిగ్గా నేర్పితే అతనే వాటికి కొత్త ప్రాణం పోస్తాడు. నేర్పేవాళ్ళు ఇంకా బతికే ఉన్నారు, ఎక్కువ కాలం ఉండరు.

ఈ ప్రాంతంలో మరో చిక్కు తప్పక వస్తుంది. లూథరన్ పిల్లవాడు పసితనంలో బాప్తిస్మం పొంది ఉంటాడు. పక్క సంఘం స్నేహితుడు అడుగుతాడు: నువ్వు నీళ్ళలో మునగలేదు కదా, నీది బాప్తిస్మమేనా? పదహారేళ్ళ పిల్లవాడు ఇంటికొచ్చి అమ్మను అడుగుతాడు. అమ్మకు తెలియదు. పాస్టరు గారిని అడిగితే అది తప్పు బోధ, వాళ్ళ జోలికి పోవద్దంటారు. అది జవాబు కాదు. దేవుడే ముందుగా వచ్చి చెయ్యి పట్టుకున్నాడు, మన తెలివి, మన నిర్ణయం తర్వాతివి అన్నది లూథరన్ల మాట. క్యాటకిజంలో బాప్తిస్మం భాగం ఉన్నదే దీనికోసం. దాన్ని పదో ఏటనే నెమ్మదిగా, అవతలివాళ్ళను ఎగతాళి చెయ్యకుండా చెప్పి ఉంటే పదహారో ఏట ఏటి దగ్గరికి పరుగెత్తనక్కర్లేదు. వెళ్ళిన పిల్లల మీద అలిగే హక్కు, చెప్పని మనకు లేదు.

ఇంకొకటి ఏ సండే స్కూలు పుస్తకంలోనూ ఉండదు. కాలేజీలో చేరేటప్పుడు కుల ధ్రువపత్రం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు చేరింది. క్రైస్తవులకు చేరలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవులైన షెడ్యూల్డు కులాల వాళ్ళు బీసీ-సీ, ఒక్క శాతం రిజర్వేషను. ఈ విషయం సుప్రీంకోర్టులో ఏళ్ళ తరబడి ఉంది. 2022లో కేంద్రం కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను వేసింది. గిరిజనులకు ఈ మెలిక లేదు, మతం మారినా ఎస్టీ హోదా పోదు. అంటే ఒకే సంఘంలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరు కుర్రాళ్ళలో ఒకడు తన విశ్వాసాన్ని కాగితం మీద రాసుకోవచ్చు, ఇంకొకడు రాస్తే సీటు పోతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 2001 జనగణనలో 1.55 శాతం, 2011లో 1.34 శాతం. గుళ్ళు పెరుగుతున్నా లెక్క తగ్గడానికి ఈ భయం కూడా ఒక కారణమని చాలామంది అంటారు. ఆదివారం సత్యం చెప్పమని బోధించి, సోమవారం ఎమ్మార్వో ఆఫీసులో ఏం రాయాలో ఆ పిల్లవాడినే తేల్చుకోమంటున్నాం. సంఘం అతనికి చట్టం ఏమంటుందో వివరించాలి, తీర్పు తీర్చకుండా పక్కన కూర్చోవాలి. యువజన పరిచర్య అంటే ఇది కూడా.

ఆడపిల్లల సంగతి మరీ మౌనంగా దాటేస్తాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ళ స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిదేళ్ళు నిండకముందే పెళ్ళయింది. క్రైస్తవ ఇళ్ళు దీనికి అతీతం కాదు. 2006 చట్టం ప్రకారం బాల్య వివాహం జరిపించినవారికీ రెండేళ్ళ దాకా జైలు ఉంది. పాస్టరు గారు పుట్టిన తేదీ చూడకుండా పెళ్ళి జరిపితే అది ఆయన మెడకూ చుట్టుకుంటుంది. సంఘంలో పదో తరగతి ఆడపిల్లలు ఎంతమంది, వాళ్ళలో ఇంటర్‌లో చేరింది ఎంతమంది అని సంఘం ఏటా లెక్క రాసుకుంటే చాలు, సగం పెళ్ళిళ్ళు ముందే పసిగట్టవచ్చు.

పిల్లల భద్రత గురించి అయితే బొత్తిగా మాటే ఎత్తం. 2012 పోక్సో చట్టం ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్ళెవరైనా పోలీసులకు చెప్పాల్సిందే, చెప్పకపోవడమే నేరం. సంఘం పరువు పోతుందని పెద్దమనుషుల్లో పెట్టి సర్దేస్తే సర్దినవాళ్ళూ నేరస్తులే. సండే స్కూలులో, క్యాంపులో, ట్యూషన్‌లో ఒక పెద్ద మనిషి, ఒక బిడ్డ ఒంటరిగా ఉండకూడదన్న నియమం రాసి గోడకు అంటించాలి. ఇందులో ఎవరి మీదా అనుమానం లేదు, ఎవరికీ మినహాయింపూ లేదు. పాస్టరు గారితో సహా.

ఇన్ని చెప్పాక, చిన్న సంఘం ఏం చెయ్యగలదని అడుగుతారు. బడి తిరిగి పెట్టలేదు, నిజమే. ఇంటిని మాత్రం తిరిగి తెచ్చుకోగలదు. చదువు రాని తల్లిదండ్రులు ఎలా నేర్పుతారని సందేహించేవాళ్ళు పాత ఉపదేశులను గుర్తు తెచ్చుకోవాలి. అక్షరం రాని వాడలకు వాళ్ళు క్యాటకిజం నోటితోనే నేర్పారు. వారానికి ఒక ఆజ్ఞ, దాని అర్థం. ఆదివారం ఆరాధనలో పెద్దలూ పిల్లలూ కలిసి రెండుసార్లు పలకాలి, వారమంతా రాత్రి భోజనం దగ్గర ఇంట్లో పలకాలి. మామ్మ, తాత నేర్చుకుంటే మనవడికి వస్తుంది. పాస్టరు గారు వారానికి రెండిళ్ళ చొప్పున సాయంత్రం వెళ్ళి, పిల్లల్ని అడిగి, మంచి మాట చెప్పి రావాలి. కొండ మీది గూడెంలో వాళ్ళ భాషలో మాట్లాడే పిల్లలుంటే ముందు వాళ్ళ భాషలోనే. కన్ఫర్మేషన్ క్లాసు నెల కాదు, రెండేళ్ళు. అది ముగిసిన ఆదివారమే ఆ పిల్లలకు సండే స్కూలులో చిన్నవాళ్ళ బాధ్యత. ప్రసంగమప్పుడు పిల్లల్ని అరుగు మీదికి పంపెయ్యడం మానేసి, నెలలో ఒక ఆదివారం లోపల మధ్యలో కూర్చోబెట్టి, బైబిలు పాఠం ఒక పిల్ల చేత చదివించాలి. తడబడితే తడబడుతుంది.

సంఘ కమిటీ పెద్దలకు నా మనవి ఒక్కటే. ఈసారి ఏడాది బడ్జెట్‌కు కూర్చున్నప్పుడు సౌండ్ సిస్టం, ప్రహరీ గోడ, పండగ షామియానా లెక్కలు రాసే ముందు మొదటి వరసలో పిల్లల పేరున ఒక మొత్తం రాయండి. టీచరమ్మకు శిక్షణ, పాస్టరు గారికి గూడెం దాకా వెళ్ళి రావడానికి పెట్రోలు, అచ్యుతాపురం గదుల దాకా బస్సు చార్జీ అందులోంచే ఇవ్వండి. కమిటీలో రెండు కుర్చీలు పాతికేళ్ళ లోపువాళ్ళకు ఇవ్వండి, అందులో ఒకటి అమ్మాయికి. ఆ మొత్తం ఎంతో, దేనికి ఖర్చయిందో మరుసటి ఏడాది సర్వసభ్య సమావేశంలో ఆ ఇద్దరి చేతే చదివించండి.